ఈగకంటే ముందు రావాల్సిన బండి

ఈగ గుడ్డు పెట్టిన రోజు నుంచి లెక్క మొదలుపెడదాం. తల్లి ఈగ ఒక్కో విడతకు నూరు గుడ్ల దాకా పెడుతుంది. కొద్ది వారాల దాని బతుకులో అలాంటి విడతలు నాలుగైదు ఉంటాయి. తడిగా, వెచ్చగా ఉండి కుళ్ళడం మొదలుపెట్టిన తిండి ఏదైనా దానికి చాలు: అన్నం మెతుకులు, చేప పొలుసు, మెత్తబడిన టమాటా. ఒక్క రోజు గడిచేలోపే గుడ్లు పగిలి తెల్లటి పురుగులు బయటికొస్తాయి. మహారాష్ట్రలోని సోలాపూర్‌ వేసవి ఎండల్లో ఆ పురుగులు నాలుగైదు రోజుల్లో పూర్తిగా ఎదుగుతాయి. ఆ తర్వాత అవి చేసే పని చాలామంది గమనించరు. అంతవరకూ తడిలోనే పొర్లాడిన పురుగు ఇక పొడి చోటు కోసం బయల్దేరుతుంది. చెత్తకుప్పలోంచి పాకి పక్కనున్న మట్టిలోకో, గోడ పగుళ్ళలోకో, గచ్చు అంచుల కిందికో దూరి, గట్టి గోధుమరంగు గూట్లో ముడుచుకుంటుంది. మరో మూడు నాలుగు రోజులకు రెక్కలతో లేస్తుంది.

చెత్తబండి ఎప్పుడు రావాలో ఈ పురుగే చెబుతోంది. రెండో రోజో మూడో రోజో వచ్చిన బండి చెత్తతోపాటు ఒక తరం ఈగల్ని మోసుకుపోతుంది. ఆరో రోజు వచ్చిన బండి చెత్తను మాత్రమే తీసుకుపోతుంది. పురుగులు అప్పటికే మట్టిలోకి దిగిపోయి ఉంటాయి. "బండి వచ్చి అంతా ఎత్తుకుపోయింది కదా, ఇన్ని ఈగలు ఎక్కడివి?" అని వీధిలో జనం విసుక్కునేది అందుకే. బండి ఎంత పెద్దదన్నది తర్వాతి మాట, ఎన్నాళ్ళకోసారి వస్తుందన్నది మొదటి మాట. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఇదే. చెప్పడానికి సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌ను ఎంచుకోవడానికి కారణాలున్నాయి.

సోలాపూర్ తూర్పు పేటల్లో తెలుగు వినబడని వీధి అరుదు. 1870ల్లో అక్కడ మొదటి బట్టల మిల్లు వెలిసింది. అంతకు ముందూ, ఆ తర్వాతా తెలంగాణ పల్లెల నుంచి పద్మశాలీలు తరలివెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. మగవాళ్ళు మిల్లుల్లో, చేమగ్గాల మీద, తర్వాత మరమగ్గాల మీద దుప్పట్లు, టవళ్ళు నేశారు. ఆడవాళ్ళు ఇంట్లో కూచుని బీడీలు చుట్టారు. రెండు కూలీలు కలిసినా అద్దె ఇల్లు దాటలేని ఈ కుటుంబాల కోసం కట్టినవే విడీ ఘర్కుల్‌లు. వాటిలో ఒకటి హైదరాబాద్ రోడ్డు వైపు ఉంది. ఊరి పొలిమేరలో కుంభారి దగ్గర ఇంకా పెద్దది వచ్చింది. వార్లీ ఆదివాసుల పోరాటానికి నాయకత్వం వహించిన గోదుతాయి పరుళేకర్ పేరు దానికి పెట్టారు. అందరూ ఆడం మాస్టర్ అని పిలిచే నర్సయ్య ఆడం ముందుండి నడిపిన సుదీర్ఘ ఉద్యమ ఫలితం అది. 10,000 ఇళ్ళ ఆ కాలనీని 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. దాని తర్వాత అదే కుంభారిలో 30,000 ఇళ్ళ రే నగర్ మొదలైంది. వాటిలో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధాని నరేంద్ర మోదీ లబ్ధిదారులకు అందజేశారు.

ఒకే రోజు పదివేల కుటుంబాలు చేరే చోట చెత్త కూడా ఒకే రోజు మొదలవుతుంది. పాత ఊళ్ళలో పెంటకుప్పకు ఒక చోటూ, దాన్ని ఎత్తుకుపోయే రైతూ ఉండేవారు. కొత్త కాలనీకి అలాంటి పాత ఏర్పాటేదీ ఉండదు. బండి ఒక్కటే దిక్కు.

మహారాష్ట్రలో ఆ బండిని ఘంటాగాడి అంటారు. గంట కొట్టుకుంటూ వస్తుంది కాబట్టి ఆ పేరు. ఇప్పుడు చాలాచోట్ల గంట పోయి లౌడ్‌స్పీకరులో పాట వచ్చింది, పేరు మాత్రం మారలేదు. సోలాపూర్ తెలుగిళ్ళలోనూ అదే మాట. "అక్కా, ఓలా వేరే, సుకా వేరే ఇయ్యి" అంటాడు బండి మీది మనిషి. తడిచెత్త ఒక డబ్బాలో, పొడిచెత్త ఒక డబ్బాలో ఇమ్మని.

ఆ గంట ఎంత పని చేస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. ఇది నా అంచనా మాత్రమే, కాగితం మీద ఎవరైనా సరిచూసుకోవచ్చు. పదివేల ఇళ్ళు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 300 నుంచి 400 గ్రాముల చెత్త. మొత్తం 15 నుంచి 20 టన్నులు. చిన్న టిప్పర్ ఒక విడతకు సుమారు 700 కిలోలు మోస్తుంది. అంటే 21 నుంచి 29 విడతలు. ఒక్కో బండి ఉదయంపూట మూడు విడతలు తిరిగితే ఏడు నుంచి పది బండ్లు చాలు. ఇది బరువు లెక్క. ఇప్పుడు కాలం లెక్క చూడండి. ప్రతి గడప ముందూ ఆగి, పిలిచి, డబ్బా అందుకుని, ఖాళీ చేసి ఇవ్వడానికి అర నిమిషం పడుతుందనుకుందాం. పదివేల అర నిమిషాలంటే 83 గంటలు. ఉదయం ఐదు గంటల పనివేళలో అది తెమలాలంటే 17 బండ్లు కావాలి. అదే గంట విని పదేసి ఇళ్ళవాళ్ళు వీధి మలుపు దగ్గరికొస్తే? ఒక్కో మలుపులో రెండు నిమిషాలు ఆగినా మొత్తం 33 గంటలే. బరువు లెక్కతో కలిపి చూసినా ఏడు నుంచి పది బండ్లతో పని అయిపోతుంది. చెత్త అంతే, దూరం అంతే. ఏడు నుంచి పది బండ్లకయ్యే డీజిలూ, డ్రైవర్ల జీతాలూ గంట మిగిల్చింది.

తైవాన్ రాజధాని తైపేలో ఈ లెక్కను ఊరంతా అమలుచేస్తున్నారు. చెత్త నేల మీద పడకూడదన్నది అక్కడి నియమం. బేతోవెన్ సంగీతం వినిపిస్తూ పసుపుపచ్చ బండి వేళకు వస్తుంది. జనం సంచులతో రోడ్డు మీదికొచ్చి వాళ్ళే బండిలో వేస్తారు. ఇంటిచెత్తకు వీధి కుండీలు లేవు కనుక వాటి చుట్టూ పోగయ్యే కుప్పలూ లేవు. అంత దూరం వెళ్ళనక్కరలేదు, మన సూర్యాపేట 2000ల తొలి ఏళ్ళలోనే కుండీలు లేని ఊరిగా పేరు తెచ్చుకుంది. అప్పటి మునిసిపల్ కమిషనర్ ఎస్.ఎ. ఖాదర్ వీధి కుండీలను తీసేసి ఇంటింటి సేకరణ పెట్టారు, తడీ పొడీ విడిగా తీసుకునే పద్ధతి తెచ్చారు. దేశంలో ఎన్నో మునిసిపాలిటీల వాళ్ళు చూసిపోయారు.

అయితే వీధి మలుపు దగ్గరికి రమ్మనడం చెప్పినంత తేలిక కాదు, విడీ ఘర్కుల్‌లో అసలే కాదు. బీడీలు చుట్టే మనిషికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది. చేట ఒళ్ళో పెట్టుకుని కూచున్న మనిషి లేచిన ప్రతిసారీ కొన్ని బీడీలు తగ్గుతాయి. బండి ఏడున్నరకు వస్తుందని ఖాయంగా తెలిస్తే ఆమె ఏడున్నరకు లేస్తుంది. ఏడుకో, పదికో, రేపో అన్నట్టుంటే ఎదురుచూడలేదు, చూడమనడం న్యాయమూ కాదు. రాత్రి షిఫ్టు మగ్గం మీద గడిపొచ్చిన భర్త నిద్రలో ఉంటాడు. అప్పుడా సంచి ఇంటి వెనక ఖాళీ స్థలంలోకి పోతుంది. జనానికి శుభ్రత తెలియదు అని అధికారులు అనే మాట నేను చాలాసార్లు విన్నాను. వేళ తప్పే బండి ఉన్న వీధిలో ఆ మాట అనే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

పెద్ద బండి తెస్తే సమస్య తీరుతుందన్న నమ్మకం కూడా గట్టిగానే ఉంది. చెత్తను యంత్రంతో నొక్కి కుదించే కాంపాక్టర్ లారీలు పాశ్చాత్య దేశాల చెత్తకు తగ్గట్టు పుట్టాయి. అక్కడి చెత్తలో అట్టపెట్టెలు, సీసాలు, కాగితం ఎక్కువ, ఘనపు మీటరుకు 100 నుంచి 150 కిలోలు మాత్రమే తూగుతుంది. నాలుగో వంతుకు నొక్కవచ్చు. మన చెత్తలో సగం దాకా వంటింటి తడి, పైన ఇసుక, మట్టి. ఘనపు మీటరుకు 300 నుంచి 500 కిలోలు. అది ముందే కుదించుకుపోయి ఉంటుంది. దాన్ని ఇంకా నొక్కితే నీరు కారుతుంది, ఆ కంపు నీరు దారి పొడవునా చుక్కలు పడుతుంది. కాబట్టి సందుల్లో తిరగడానికి చిన్న టిప్పర్లు, ఊరి బయట ఒక చోట వాటి నుంచి సరుకు అందుకుని దూరం మోయడానికి పెద్ద లారీలు. ఈ రెండంచెల పద్ధతే మన ఊళ్ళకు నప్పుతుంది.

పొడిచెత్తకూ ఒక గడువుంది. దానికి కారణం ఈగ కాదు, దోమ. సోలాపూర్‌లో కుళాయి రోజూ రాదు, నీళ్ళు డ్రమ్ముల్లో పట్టి దాచుకోవాల్సిందే. డెంగీని మోసే ఏడిస్ దోమకు అలాంటి మంచినీళ్ళే కావాలి. డ్రమ్ము మీద మూత, వారానికోసారి కడగడం ఇంటివాళ్ళ పని, అందులో బండి చేయగలిగిందేమీ లేదు. కానీ వాన కురిశాక ఖాళీ స్థలంలోని కొబ్బరి చిప్ప, ప్లాస్టిక్ కప్పు, పాత టైరు కూడా చిన్న డ్రమ్ములే. వారం పది రోజుల్లో గుడ్డు దోమవుతుంది. ఎండిన గుడ్లు నెలల తరబడి బతికుండి మళ్ళీ వానకు పొదుగుతాయి. తొలకరికి ముందు ఒకసారి, వానాకాలమంతా వారానికోసారి ఈ సామాను ఎత్తేసే బండి చేసే మేలు దోమల పొగకంటే ఎక్కువ. పొగ ఎగిరే దోమను చంపుతుందే తప్ప చిప్పలోని పిల్లల్ని ముట్టుకోదు.

బండి రాని ఊరికి ఏమవుతుందో 1994 సెప్టెంబరులో సూరత్ చూసింది. అది కూడా బట్టల ఊరే. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు నేతకార్మికులు వేలల్లో ఉన్నారు. వరద తీసిన కొద్ది రోజులకు న్యుమోనియా రూపంలో ప్లేగు బయటపడింది. సుమారు యాభై మంది పోయారు, లక్షల మంది రైళ్ళెక్కి ఊరు విడిచారు. ఇక్కడ శాస్త్రాన్ని జాగ్రత్తగా చెప్పుకోవాలి. న్యుమోనియా ప్లేగు మనిషి దగ్గు నుంచి మనిషికి పాకుతుంది, చెత్త నుంచి నేరుగా రాదు. చెత్త చేసే పని ఎలుకను మేపడం. ఎలుక మీది మిణ్ణల్లి దగ్గర మొదలయ్యే గొలుసులో మొదటి కొక్కెం అది. మరుసటి ఏడాది కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు అధికారుల్ని ఉదయాన్నే వీధుల్లోకి దింపారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు, బండ్ల రాకపోకల మీద రోజువారీ లెక్క పెట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే దేశంలో రెండో పరిశుభ్ర నగరమని సూరత్‌కు పేరొచ్చింది. ఆ మార్పులో కొత్త యంత్రాల వాటా కొంత ఉండవచ్చు, ఎక్కువ వాటా మాత్రం ప్రతిరోజూ తప్పకుండా జరిగిన మామూలు పనిదే.

ఇక విడీ ఘర్కుల్ బండిలో పడే సరుకు సంగతి. బీడీకి తునికాకు కావాలి. రాత్రి నానబెట్టిన ఆకును రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరిస్తారు. ఆకులో చాలా భాగం అంచులుగా, ఈనెలుగా రాలిపోతుంది. ఇది మంచి సేంద్రియ పదార్థం, ఎరువు కావాల్సినది. బండి రాని రోజున మూలన పోసి నిప్పు పెడతారు. తడి ఆకు సరిగా మండదు, రగులుతుంది. రగిలే మంటలోంచి కార్బన్ మోనాక్సైడు, ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరే సన్నటి పొగ రేణువులు వస్తాయి. పగలంతా తంబాకు ధూళి పీల్చిన మనిషికి సాయంత్రం ఈ పొగ కూడా.

తంబాకు ధూళి వేరే కథ. అందులో నికొటిన్ ఉంటుంది. అది నీళ్ళలో ఇట్టే కరుగుతుంది, పురుగులకూ చేపలకూ విషం. డ్రైనులోకి ఊడ్చేసిన ధూళి వాననీటితో కలిసి పారుతుంది. కానీ దాన్ని తినే సూక్ష్మజీవులు నేలలోనే ఉన్నాయి. ఆర్థ్రోబాక్టర్ జాతిలో, సూడోమోనాస్ జాతిలో కొన్ని బాక్టీరియాలకు నికొటిన్ ఆహారం. దానిలోని కార్బన్‌నూ నత్రజనినీ విడదీసుకుని బతుకుతాయి. గాలి, తడి సరిగ్గా అందే ఎరువు కుప్పలో తంబాకు వ్యర్థాన్ని పేడ, ఆకుతో కలిపి వారాల తరబడి మాగనిస్తే నికొటిన్ బాగా తగ్గిపోతుంది. ఆకు కత్తిరింపులూ, తంబాకు ధూళీ, వంటింటి తడీ, బతుకమ్మ తొమ్మిది రోజుల్లో పోగయ్యే పూలూ అన్నీ కలిసి ఆ కుప్పకు పనికొచ్చేవే. షరతు ఒక్కటే, వాటిలో ప్లాస్టిక్, డైపర్లు, బ్లేడు ముక్కలు ఉండకూడదు.

నూలుది ఇంకో చిక్కు. పెద్ద కార్ఖానాల పత్తి వ్యర్థం అమ్ముడుపోతుంది. ఇళ్ళలో, చిన్న షెడ్లలో తెగిన పోగులు మాత్రం చెత్తలో కలుస్తాయి. సోలాపూర్ చెత్త తుల్జాపూర్ రోడ్డులోని భోగావ్ వైపు వెళ్తుంది. రోజుకు 400 టన్నుల సామర్థ్యంతో చెత్త నుంచి బయోగ్యాస్, దాన్నుంచి కరెంటు తీసే కేంద్రాన్ని అక్కడ నెలకొల్పారు. గాలి సోకని తొట్టెల్లో బాక్టీరియా తడిచెత్తను తిని మీథేన్ వదులుతుంది, ఆ మీథేన్‌ను ఇంజన్‌లో కాలుస్తారు. అదే చెత్త బయట గుట్టగా పడుంటే ఆ మీథేన్ గాలిలో కలిసిపోతుంది. నూరేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడుకంటే సుమారు 28 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. వేసవిలో గుట్టలు అంటుకోవడానికీ అదే కారణం. ఇలాంటి కేంద్రాల్లో తిరిగే షాఫ్టులకు పెద్ద శత్రువు దారం. పోగులు చుట్టుకుని చుట్టుకుని తాడై బిగుసుకుంటాయి, యంత్రం ఆపి కోసి తీయాలి. నేతగాళ్ళ వీధిలో పొడిడబ్బాలో వేయాల్సిన పిడికెడు నూలు తడిడబ్బాలో పడితే, దాని ఫలితం కొన్ని మైళ్ళ అవతల కనిపిస్తుంది. వేరుచేయడం కొత్త ఆలోచనేమీ కాదు. 1880ల్లో ప్యారిస్ పాలనాధికారి యూజీన్ పుబెల్ ఇంటింటికీ మూడు డబ్బాలు పెట్టమన్నాడు: కుళ్ళేవి ఒకదాంట్లో, కాగితాలూ బట్ట పేలికలూ ఒకదాంట్లో, పింగాణీ పెంకులూ ఆల్చిప్పలూ ఇంకోదాంట్లో. ఫ్రాన్సులో చెత్తడబ్బాను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇంట్లో వేరుచేసి ఇచ్చినదాన్ని బండి మళ్ళీ ఒకే తొట్టిలో కలిపేస్తే మాత్రం మర్నాటి నుంచి ఎవరూ వేరుచేయరు. చేయాల్సిన పనీ లేదు. టిప్పరు మధ్యలో ఒక రేకు అడ్డం పెట్టడం చాలా చవకైన పని, మొత్తం వ్యవస్థ మీద జనానికి నమ్మకం కలిగించేది ఆ రేకే.

ఇంతకంటే కష్టమైన విషయం సరిహద్దు. హైదరాబాద్ రోడ్డు విడీ ఘర్కుల్ సోలాపూర్ నగరపాలిక కిందిది. గోదుతాయి పరుళేకర్ కాలనీ, రే నగర్ ఉన్నది దక్షిణ సోలాపూర్ తాలూకాలోని కుంభారిలో. ఘనవ్యర్థాల మీద సుప్రీంకోర్టులో అల్మిత్రా పటేల్ 1996లో వేసిన కేసు ఫలితంగా 2000లో దేశానికి మొదటి నియమాలు వచ్చాయి. అవి మునిసిపాలిటీలకే. 2016 ఏప్రిల్ 8న వచ్చిన నియమాలు పరిధి పెంచి, జనగణన పట్టణాలనూ నగరాలకు అంటుకుని పెరిగిన ప్రాంతాలనూ చేర్చాయి. కానీ మామూలు గ్రామపంచాయతీ, అందులో రాత్రికి రాత్రి పట్టణమంత కాలనీ వెలిసిన పంచాయతీ, ఆ జాబితాలోకి రావాలంటే తర్వాతి జనగణన దాకా ఆగాల్సి వచ్చేది. 2011 తర్వాత పదేళ్ళకు జరగాల్సిన జనగణన వాయిదా పడింది. ఈగ ఒకటి రెండు కిలోమీటర్లు సునాయాసంగా ఎగురుతుంది, దానికి హద్దురాయి లేదు.

కుంభారిలో పాతవీ కొత్తవీ కలిపి 40,000 ఇళ్ళూ నిండితే రెండు లక్షల మంది. ఇందాకటి లెక్క ప్రకారం రోజుకు 60 నుంచి 80 టన్నులు. కుండీలు తీసేసిన నాటి సూర్యాపేటకంటే రెండింతల జనం. ఏ పంచాయతీ ఆదాయమూ దీన్ని ఒంటరిగా మోయలేదు. పంచాయతీ, నగరపాలిక, జిల్లా పరిషత్ కలిసి ఒక ఒప్పందానికి రావాలి. తడిచెత్తను కాలనీలోనే ఎరువు చేసే చోటు, టిప్పర్ల నుంచి లారీలకు మార్చే చోటు ఇళ్ళ పటంలోనే గీసి ఉండాలి.

రే నగర్ లబ్ధిదారుల జాబితాలో మరమగ్గాల కార్మికులు, బీడీ కార్మికులతోపాటు చెత్త ఏరుకునేవాళ్ళు కూడా ఉన్నారు. ఏ ప్లాస్టిక్ ఎక్కడ అమ్ముడుపోతుందో, ఏ గుడ్డ దేనికి పనికొస్తుందో వాళ్ళకు తెలిసినంతగా ఇంజనీర్లకు తెలియదు. పుణేలో చెత్త ఏరేవాళ్ళు 1993లో సంఘం కట్టుకున్నారు. వాళ్ళ సహకార సంస్థ స్వచ్ఛ్ 2008లో ఆ నగరపాలికతో ఒప్పందం చేసుకుని, ఇంటింటికీ వెళ్ళి చెత్త తీసుకుంటూ, ఇంటివాళ్ళిచ్చే నెల రుసుముతో, అమ్ముకున్న పొడి సరుకుతో బతుకుతోంది. కుంభారిలో ఆ పని తెలిసినవాళ్ళు బయటినుంచి రానక్కరలేదు, అదే కాలనీలో కాపురముంటున్నారు. ఇల్లు సంపాదించుకోవడానికి సహకార సంఘం కట్టుకోవడమెలాగో ఆ కాలనీ మొత్తానికి తెలుసు. రెండో సంఘం చెత్తబండి కోసం కట్టుకోవచ్చు. దానికి కావాల్సింది మొదటి ఏడాది పెట్టుబడి, టిప్పర్లు, ఎరువుకు రెండు మూడు ఎకరాల స్థలం, రోజూ ఏడున్నరకు బయల్దేరే హామీ.